ఎముకకును లోహమునకును సంధి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



సంధి యను మాట మన భాషలో మూడు తావుల వినబడుచున్నది. వ్యాకరణమున రెండచ్చులు కలిసి నడుమ సందు లేకుండ ఒక్కటగుట సంధి. రాజనీతిలో ఇరుపక్షములు పోరు మాని ఒడంబడుట సంధి. శరీరమున రెండెముకలు కలియుచోటు సంధి. నేటి విషయమునకు ఈ మూడర్థములును కావలసియున్నవి. విరిగిన యెముకను నిలుపుటకు శస్త్రవైద్యుడు లోపల లోహపు కడ్డీనో రేకునో అమర్చును. ఆ లోహముతో ఎముక మొదట పోరు మానవలెను. పిమ్మట సందు లేకుండ అతుకుకొనవలెను. ఇందుకై ఆ లోహము మీదనే ఔషధమును పూతగా పూసి, అది కొంచెము కొంచెముగా విడివడి పక్కనున్న యెముకకు మాత్రమే అందునట్లు చేయు విద్య యొకటి గత అర్ధశతాబ్దమున పెరిగినది. ఆ విద్య యెట్లు పుట్టినది, ఎంతవరకు వచ్చినది, ఎచ్చట ఆగినది అనునదే నేటి ప్రసంగము.

మోటారు సైకిళ్ళు పెరిగిన తరువాత ఏ గ్రామమున చూచినను ప్రతి వీధిలోను 'రాడ్డు వేసిన కాలు' ఒకటైనను కనబడుచున్నది. కొందరికి మూడు నెలలలో నడక వచ్చును. కొందరికి గాయము మానదు. చీము కారుచు, రాడ్డు తీసి, మరల వేసి, ఉన్న అరెకరము అమ్ముకొని కుంటుచు తిరుగుచున్నవారును కలరు. ఇద్దరికిని వేసినది ఒకే లోహము కావచ్చును, ఒకే వైద్యుడు వేసినది కావచ్చును. ఈ తారతమ్యమునకు కారణము, చాలవరకు, కంటికి కనబడని ఒక పలుచని హద్దుమీద, అనగా లోహపు ఉపరితలము మీద, మొదటి కొద్ది దినములలో జరుగు వ్యవహారమే.

ఎముకలతుకు విద్య మనకు క్రొత్త కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానమున భగ్నచికిత్సకు ఒక అధ్యాయమే కలదు. ఎముక మధ్యలో విరుగు విధములను పండ్రెండుగాను, కీళ్ళు తొలగు విధములను ఆరుగాను ఆ గ్రంథము లెక్కించినది. రావి, మఱ్ఱి, మేడి, మోదుగ మొదలగు చెట్ల పట్టలను, వెదురును దబ్బలుగా కట్టుమన్నది. చలికాలమున ఏడు దినములకు, సమశీతోష్ణమున ఐదు దినములకు, ఎండకాలమున మూడు దినములకు కట్టు మార్చుమన్నది. పసివయసున ఒక నెలకు అతుకునది నడివయసున రెండు నెలలకు, ముదిమిని మూడు నెలలకు అతుకునన్నది. నేటి వైద్యులు ఈ లెక్కను కొద్దిగా సవరింతురు గాని త్రోసిపుచ్చరు. పుత్తూరు చెంత రాచపాళెమున ఆకు పసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో కట్టు కట్టు కుటుంబముల ఖ్యాతి నూరేండ్లకు పైబడినది. రాయలసీమవారే కాక తమిళ దేశమువారును అచ్చటికి పోవుట అందరెరిగినదే.

అయితే పైకట్టునకు ఒక మేర కలదు. చర్మము చెదరక ఎముక మాత్రము విరిగినప్పుడు, ముక్కలు తమ తావుననే యున్నప్పుడు, అది చాలును. తొడయెముక విరిగి బలమైన కండలు రెండు ముక్కలను ఒకదానిపైకి ఒకటి లాగివేసినప్పుడును, ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చి మట్టి సోకినప్పుడును పైకట్టు చాలదు. 1939లో జర్మనీ దేశమున కీల్ నగరమందు గెర్హార్డ్ కున్‌చర్ అను వైద్యుడు ఎముక లోపలి గొట్టములోనికే పొడవైన ఉక్కు కడ్డీని దింపి నిలుపు పద్ధతిని మొదలిడెను. మనవారు రాడ్డు అనుచున్నది దాని సంతతియే. కట్టు బయటినుండి పట్టుకొనును. కడ్డీ లోనినుండి పట్టుకొనును.

లోనికి పోవుటతోనే చిక్కు మొదలైనది. మన ఆయుర్వేదమున శస్త్రవిద్యకు శల్యతంత్రమని పేరు. శల్యమనగా శరీరమున దిగిన పరాయి వస్తువు: బాణపు మొన, ముల్లు, రాయి. దానిని పెరికివేయుటయే ఆ విద్యకు పేరు తెచ్చిన పని. రామాయణమున యుద్ధకాండలో జాంబవంతుడు హనుమంతునికి చెప్పిన నాలుగోషధులలో విశల్యకరణి యొకటి, సంధానకరణి యొకటి. ఒకటి శల్యమును తొలగించునది, రెండవది అతుకునది. నేటి శస్త్రవైద్యుడు ఈ రెంటిని తలక్రిందులు చేసినాడు. తానే ఒక శల్యమును లోపల దించి, దానిని శరీరము తనదిగా భావించునట్లు సంధానము చేయవలసి వచ్చినది. పూర్వులు శత్రువుగా తలచినదానిని చుట్టముగా చేయవలెను. ఇది సామాన్యమైన పని కాదు.

ఏలయనగా ఎముక జడపదార్థము కాదు. బరువులో సుమారు మూడింట రెండు వంతులు సున్నము, భాస్వరము చేరిన ఖనిజమే యైనను, ఎముక చెరువుకట్ట వంటిది. కట్టను ఒకవైపు నీరు కోయుచుండును. ఒకవైపు ఊరివారు మన్ను పోయుచుందురు. అట్లే ఎముకలో కరగించు కణములు ఒక జాతి, కట్టు కణములు ఒక జాతి. రెండును జీవితాంతము పని చేయుచుండును. విరిగినచోట మొదట నెత్తురు గడ్డ కట్టును, దానిపై మెత్తని కాయ వంటి పదార్థము పెరుగును, అది గట్టిపడి ఎముకయగును, చివరకు నెలల తరబడి ఆ రెండు జాతుల కణములును చెక్కి చెక్కి దానికి తొలిరూపు తెచ్చును. ఈ పని నడుచుచున్నచోట పరాయి వస్తువు తగిలినచో శరీరము సాధారణముగా ఏమి చేయును? కాలిలో విరిగి నిలిచిన ముంటి చుట్టు ఏమి చేయునో అదియే. నారవంటి పొరయొకటి కట్టి దానిని వేరుపరచును. ఆ పొర ఏర్పడినచో లోహము ఎముకలో పాత ఇంటి మేకువలె కదలును. కదలిన కొలది పొర దళసరియగును. కదలిక మిల్లీమీటరులో సుమారు ఏడవ వంతునకు మించినచో ఎముకకు బదులు నారపొరయే పెరుగునని పరిశోధకులు కనుగొనిరి.

భారతమున జరాసంధుని కథ ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. రెండు చెక్కలుగా పుట్టిన శిశువును జర యను రాక్షసి ఒకటిగా చేర్చెను. మగధరాజై అంతటి బలశాలియైనను, భీముడు తుదకు అతనిని రెండుగా చీల్చియే చంపెను. వైద్యులు అమర్చిన లోహమునకును అపాయము లోహము నడుమ రాదు. ఎక్కువగా అతుకునందే వచ్చును.

అతుకు రహస్యము అనుకోకుండ బయటపడినది. 1952లో స్వీడన్ దేశమున లుండ్ నగరమందు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను యువ వైద్యుడు కుందేలు కాలి ఎముకలో మజ్జ యందలి రక్తప్రసారమును సూక్ష్మదర్శినితో చూచుటకై టైటానియము అను లోహముతో చేసిన చిన్న గూడును అమర్చెను. పని ముగిసిన పిమ్మట, ఖరీదైన వస్తువు గనుక, దానిని తీసి మరల వాడుకొనదలచెను. అది రాలేదు. ఎముక లోహపు ఉపరితలము నంటి పెరిగి, నడుమ నారపొర లేకుండ పట్టుకొనియుండెను. మరియొకడైనచో విసుగుకొని క్రొత్త గూడు తెప్పించుకొనెడివాడే. ఆయన మాత్రము ఆ రానితనమునే పరిశోధనకు విషయముగా తీసికొనెను. 1965లో గోథెన్‌బర్గ్ నగరమున, పుట్టుకతోనే దవడ లోపము గల గోస్టా లార్సన్ అను వ్యక్తి క్రింది దవడలో నాలుగు టైటానియము మరలను దించి వానిపై దంతములను నిలిపెను. తోటి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటో సభ తరువాతనే లోకము ఒప్పుకొన్నది. లార్సన్ 2006లో మరణించువరకు, నలుబదియేండ్లకు మించి, ఆ మరలు ఆయన దవడలో పనిచేయుచునే యుండినవి.

టైటానియమునకు గాలి తగిలినంతనే పైన అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడును. ఎముక చూచునది లోహమును కాదు, ఈ పొరను. బ్రోనెమార్క్ మరలను దించి వెంటనే బరువు మోపలేదు. క్రింది దవడలో మూడు నెలలు, పై దవడలో ఆరు నెలలు చిగురు క్రింద పూడ్చియుంచెడివాడు. కదలనీయకుండుట ఆయన విజయమున సగము. తరువాత 1985లో లండనులో ఫర్లాంగ్ అను శస్త్రవైద్యుడు మరియొక అడుగు వేసెను. ఎముకలో నున్న ఖనిజమునే, హైడ్రాక్సీఅపటైటును, మంటలో కరగించి తుంటికీలు కాడపై పూతగా చల్లించి అమర్చెను. ఎముకకు అది పరాయిదిగా తోచదు. ఈ పూత నేటికిని విరివిగా వాడుకలో నున్నది.

ఇంతవరకు ఉపరితలము స్నేహముగా నుండుట నేర్చుకొన్నది గాని వైద్యము చేయుట నేర్చుకొనలేదు. దానిని వైద్యము చేయునట్లు పురికొల్పినవి సూక్ష్మజీవులు.

1957లో ఎలెక్, కోనెన్ అను ఇరువురు పరిశోధకులు స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారి చర్మమున చీము పుట్టించు స్టెఫైలోకాకస్ జీవులను ఎక్కించి, ఎన్ని జీవులు చేరినచో చీము పట్టునో లెక్క కట్టిరి. మామూలు చర్మమున పది లక్షలకు పైబడి కావలసెను. అదే చర్మమున ఒక పట్టుదారపు కుట్టు ఉన్నచో సుమారు నూరు జీవులు చాలెను. పట్టుదారము విషము కాదు. దానిలో ఏ దోషమును లేదు. ప్రాణము లేని వస్తువొకటి ప్రాణమున్న మాంసము నడుమ నుండుటయే దోషము. నూరు జీవులకు ఒక దారము ఆశ్రయమైనచో అరగజము కడ్డీ ఎన్నింటికి ఆశ్రయమగునో ఊహించుకొనవచ్చును.

1987లో అమెరికాలో ఆంథోనీ గ్రిస్టినా అను శస్త్రవైద్యుడు దీనిని ఉపరితలము కొరకు జరుగు పందెముగా వర్ణించెను. లోహమును అమర్చిన క్షణమునుండి ఒకవైపు శరీరపు కణములు, మరొకవైపు సూక్ష్మజీవులు దానిపై చోటు కొరకు పరుగిడును. ఊరి లెక్కలు చూచువారికి ఇది పోరంబోకు నేల వ్యవహారము. ముందుగా కంచె వేసినవానిని పిమ్మట లేపుట ఎంత కష్టమో అందరెరుగుదురు. ఎముక కణములు ముందు చేరినచో జీవులకు చోటుండదు. జీవులు ముందు చేరినచో తమ చుట్టు జిగురువంటి పొరయొకటి కట్టుకొని దాని మాటున కాపురముండును. ఆ పొరలో నున్న జీవులను చంపుటకు, విడిగా తిరుగు జీవులను చంపుమందుకంటె నూరురెట్లు, ఒక్కొక్కప్పుడు వేయిరెట్లు కావలసివచ్చును. అంతటి మోతాదును నరమునకెక్కించుట ఎట్లు? జెంటామైసిన్ వంటి మందు రక్తమున ఎక్కువైనచో మూత్రపిండములు చెడును, చెవులు వినబడవు. పైగా ఎముక చితికినచోట రక్తనాళములు తెగియుండును. నెత్తురు పోని తావునకు నెత్తురులోని మందు మాత్రమెట్లు పోవును?

ఎండిపోవుచున్న ఒక్క కొబ్బరిచెట్టు కొరకు పొలమంతయు ముంచుట తెలివి కాదు. దాని పాదులోనే నీరు పోయవలెను. హాంబుర్గ్ నగరమున బుఖ్‌హోల్జ్ అను వైద్యుడు ఈ పాదునీటి ఉపాయమును 1970లో ప్రకటించెను. కృత్రిమమైన తుంటికీలును ఎముకలో నిలుపుటకు వాడు సిమెంటులో (ఇది ఇండ్లు కట్టు సిమెంటు కాదు, గట్టిపడు ఒకరకపు ప్లాస్టిక్కు) జెంటామైసిన్ పొడిని కలిపెను. గట్టిపడునప్పుడు ఆ సిమెంటు మిక్కిలి వేడెక్కును; ఆ వేడికి చెడని మందు గనుకనే దానిని ఎన్నుకొనిరి. నలుబది గ్రాముల పొడికి అర గ్రాము మొదలు ఒక గ్రాము మందు. ఆ కొద్ది మందే తన చుట్టునున్న తావున, నరమునకెక్కించి సాధింపలేనంత గాఢతను మొదటి దినములలో సాధించెను; రక్తములో మాత్రము నామమాత్రముగా నుండెను.

ఇది మాటగా మిగలలేదు. దానికి లెక్క చూపినవారు కలరు. నార్వే దేశమున 1987 నుండి, ఆ దేశమున అమర్చిన కృత్రిమ తుంటికీళ్ళను ఒక రిజిస్టరులో ఎక్కించుచున్నారు: ఎవరికి, ఏ దినమున, ఏ రకము, ఏ సిమెంటు, మరల ఎప్పుడు విప్పవలసి వచ్చినది. 2003లో 22,000కు పైబడిన తుంటికీళ్ళ లెక్క తీయగా, నరమునకు మందును, సిమెంటులో మందును, రెండును పొందినవారిలోనే మరల శస్త్రచికిత్స అవసరము అన్నిటికంటె తక్కువగా తేలినది. ఓపికతో ఏటేట వ్రాసిన పద్దులు ఒక పెద్ద వాదమును తీర్చుట చూడగా, లెక్కలు వ్రాయు వృత్తిని చులకనగా చూచువారు మరియొకమారు ఆలోచింపవలసి యుండును.

అయినను సిమెంటులో రెండు కొరతలు కలవు. మొదటిది, అది ఎముకకును లోహమునకును నడుమ మూడవదై నిలుచును. ఎముక లోహమునంటి పెరుగుటకు తావివ్వదు. రెండవది, మందులో అధికభాగము లోపలనే చిక్కుకొని, తరువాత ఎంతోకాలము చాలీచాలని కొలతలో కారుచుండును. చాలని మందు జీవులను చంపదు. మందును తట్టుకొనుట నేర్పును. అప్పిచ్చువాడు అడపాదడపా గద్దించుచు వసూలు చేయకున్నచో బాకీదారు ఎట్లు రాటుదేలునో ఇదియు అట్లే. కావున వైద్యులు కోరినది మరియొకటి: మొదట బలముగా విడుదలయై, పని ముగిసినంతనే పూర్తిగా ఆగిపోయి, తానును కరగిపోయి, ఎముకకు చోటు విడిచిపెట్టు పూత.

2005 ప్రాంతమున ఐరోపాలో అట్టి పూతగల కాలి కడ్డీ రోగులకు వాడుకలోనికి వచ్చినది. బెర్లిన్ నగరపు పరిశోధకుల కృషి దానికి పునాది. శరీరమున క్రమముగా కరగు, పాలలోని ఆమ్లమువంటి ఆమ్లమునుండి చేసిన ఒక ప్లాస్టిక్కులో జెంటామైసిన్‌ను కలిపి టైటానియము కడ్డీపై పూయుదురు. మందులో అధికభాగము మొదటి రెండు దినములలోనే వెలువడును. పందెము గెలుపోటములు తేలునది ఆ తొలి దినములలోనే గనుక ఈ తొందర బుద్ధిపూర్వకమైనది. ఎముక చర్మమును చీల్చుకొని వచ్చిన గాయములకు, ఒకమారు చెడి మరల కడ్డీ వేయవలసిన కాళ్ళకు దీనిని ముఖ్యముగా వాడుదురు. అట్టి రోగుల సంఖ్య తక్కువ, వారి గాయములు ఒకదానివలె ఒకటి యుండవు. కావున నార్వే లెక్క అంతటి గట్టి లెక్క దీనికి ఇంకను కావలసియున్నది.

గుండె రక్తనాళమున వేయు స్టెంటు మాట గ్రామములలో నేడందరెరిగినదే. దానిలోను మందుపూతగలవి కలవు. 2003లో అమెరికా అనుమతించినది మొదలు అవి లోకమంతట వ్యాపించినవి. ఆ మందు చేయునది పెరుగుదలను అడ్డుట, నాళము మరల పూడిపోకుండ ఆపుట. ఎముకయందు కావలసినది దానికి విరుద్ధము, పెంచుట. అందుచేత ఎముకవైద్యుల పని ఎక్కువ కష్టమైనది.

ఎముకను పెంచు మందు కథ 1965లో మొదలగును. అమెరికాలో మార్షల్ యూరిస్ట్ అను వైద్యుడు ఖనిజమును తీసివేసిన ఎముక ముక్కను జంతువు కండలో పెట్టగా, ఎముక ఎన్నడు నుండని ఆ కండలో క్రొత్త ఎముక పుట్టెను. ఎముకలో నొక మాంసకృత్తు కలదనియు, అది చుట్టుపక్కల కణములను ఎముక కట్టువానిగా మార్చుననియు ఆయన నిర్ణయించెను. పిమ్మట దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగిరి. 2002లో వెన్నెముక అతుకుటకును, 2004లో గాయముతో విరిగిన ముంగాలి యెముకకును అమెరికా ప్రభుత్వము అనుమతించెను. స్పంజివంటి దానిలో నానబెట్టి పెట్టుదురు. సంధానకరణి దొరికినదని లోకము సంబరపడినది.

కాని మోతాదు చూడుడు. సహజముగా ఎముకలో ఈ పదార్థము అణుమాత్రముగా నుండును. వైద్యులు పెట్టినది మిల్లీగ్రాములలో. స్పంజి దానిని పట్టి నిలుపలేక ఒక్కసారిగా విడిచిపెట్టెను. అనుమతి లేని తావైన మెడయెముకకు వాడినచోట కొందరికి మెడ వాచి ఊపిరాడని ప్రమాదము వచ్చినదని 2008లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించెను. అక్కరలేని తావున ఎముక పెరుగుటయు కనబడెను. 2011లో ఒక వైద్యపత్రిక, తొలి నివేదికలు దోషములను తక్కువచేసి చూపినవని, ఒక సంచికలోనే విమర్శించెను. మందు చెడ్డది కాదు. కొలతయు, విడుదలయు తప్పినవి. పూతలో బంధించి కొద్దికొద్దిగా విడుచు ప్రయత్నములు ఈ దెబ్బ తరువాతనే ఎక్కువ శ్రద్ధతో సాగినవి.

మరియొక మార్గము చెరువుకట్ట పోలికలో రెండవ వైపునుండి వచ్చినది. మన్ను ఎక్కువ పోయుటకు బదులు కోతను తగ్గించినను కట్ట నిలుచును గదా. ముసలివారి ఎముకలు గుల్లబారకుండ ఇచ్చు బిస్‌ఫాస్ఫొనేటు మందులు కరగించు కణములను అణచును. స్వీడన్‌లోని లింషోపింగ్ నగరమున పెర్ ఆస్పెన్‌బర్గ్, ఆయన తోటివారు ఈ మందును అతి పలుచగా లోహపు మరలకు అంటించిరి. 2012లో ప్రకటించిన వారి పరీక్షలో పదునారుగురు రోగులకు దవడలో చెరి రెండు మరలు వేసిరి. ఒకటి మందు పూసినది, ఒకటి పూయనిది. ఏది ఏదియో రోగికిని తెలియదు, కొలిచినవారికిని తెలియదు. కొన్ని నెలలకు తీసిన కొలతలలో పూతగల మర ఎక్కువ బిగువుగా నిలిచెను. పదునారుగురు చిన్న సంఖ్యయే. కాని ఒకే నోటిలో, ఒకే ఎముకలో, ఒకే దినమున రెంటిని పోల్చుటచే ఆ చిన్న లెక్కకు విలువ హెచ్చినది. అదే మందును పెద్ద మోతాదులో నరమునకు ఎక్కువకాలము ఎక్కించినచో దవడయెముక చచ్చుట కలదు; అణుమాత్రముగా పూసినచో అదే దవడలో మేకును బిగించినది. తావును, కొలతయు మారగా గుణమే మారినది.

ఎముక లోహమునంటి ఎంత పెరిగినదో కొలుచుట ఎట్లు అను ప్రశ్నకు జవాబులో ఒక తెలుగువాని పేరు దాగియున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ అను మందుల కుటుంబమునకు అది పెద్దబిడ్డ. ఈ కుటుంబపు మందులు క్రొత్తగా పెరుగుచున్న ఎముకలోనికి చేరి అచ్చటనే నిలిచి, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరయునని 1957లో కనుగొనిరి. చిన్నపిల్లలకు ఇచ్చినచో పండ్లు రంగు మారుటకు కారణమును ఇదే గుణము. పరిశోధకులు దీనిని కొలబద్దగా మార్చుకొనిరి. ఒక దినము మందిచ్చి, కొన్ని దినములు ఆగి, మరల ఇచ్చి, పిమ్మట ఎముకను పలుచగా కోసి చూచినచో రెండు పచ్చని గీతలు కనబడును. రెండు గీతల నడుమ దూరమును దినములచే భాగించినచో ఎముక పెరిగిన వేగము తెలియును. మానవుని ఎముక దినమునకు వెండ్రుక మందములో నూరవ వంతునకు అటునిటుగా పెరుగును. సర్వే రాళ్ళవలె నిలిచిన ఈ గీతలతోనే, పూతగల లోహము పక్కను పూత లేని లోహము పక్కను ఎముక నడకను జంతువులయందు పోల్చుచున్నారు.

ప్రయోగశాలలలో నేడు జరుగుచున్నది మరింత సూక్ష్మమైనది. టైటానియమును ఫ్లోరైడు కలిపిన ద్రావణములో ఉంచి విద్యుత్తు నడిపినచో దాని ఉపరితలమున తేనెతెట్టెవలె చిన్న గొట్టములు వరుసగా లేచును. వెండ్రుక మందములో అట్టివి వందలకొలది ఇముడును. ఆ గొట్టములలో మందు నింపి మూతవేయుట, ఒక పొరలో సూక్ష్మజీవులను చంపుమందును దాని క్రింది పొరలో ఎముకను పెంచు మందును ఉంచుట, చీము పుట్టినచోట ఏర్పడు పులుపు తగిలినప్పుడే మూత తెరచుకొనునట్లు చేయుట, ఇవన్నియు జరుగుచున్నవి. వీనిలో చాలభాగము కుందేళ్ళు, ఎలుకలు, గొఱ్ఱెలు దాటి మనుష్యుల వరకు రాలేదు. కారణము అశ్రద్ధ కాదు. మందులేని లోహమునకు ఒక పరీక్ష చాలును. మందు పూసినంతనే అది వస్తువును అగును, ఔషధమును అగును. రెండు విధముల పరీక్షలును నెగ్గవలెను. ఆవిరిలోనో కిరణములతోనో శుద్ధి చేయునప్పుడు పూత చెడకుండవలెను. సుత్తితో ఎముకలోనికి దించునప్పుడు ఊడిరాకుండవలెను. సంవత్సరములు గిడ్డంగిలో నిలువయుండవలెను. ఖరీదు సంగతి చెప్పనక్కరలేదు. విరిగిన ప్రతి కాలికిని పూతగల కడ్డీయే కావలెననుట తప్పు; మూసిన గాయముతో విరిగిన యువకుని కాలు మామూలు కడ్డీతోనే చక్కగా అతుకును. అవసరమైనవారికి అందకపోవుటయు, అనవసరమైనవారికి అంటగట్టుటయు రెండును జరుగగల సరుకిది.

పూత ఎంత గొప్పదైనను చేయలేని పనులు కొన్ని కలవు. మట్టిలో పడి ఎముక బయటికి వచ్చినవానికి యాంటీబయాటిక్ మొదటి మోతాదు వీలైనచో ఒక గంటలోపల పడవలెనని బ్రిటను దేశపు వైద్యుల నియమము. ఆ గంటను ఇంటి ముందర పసుపు అద్దుచు, పేడ రాయుచు గడిపినచో ఏ పూతయు ఆ నష్టమును పూర్తిగా పూడ్చలేదు. శుభ్రమైన గుడ్డ కప్పి, కాలు కదలకుండ దబ్బ కట్టి, 108కి కబురు చేసి పెద్దాసుపత్రికి పంపవలెను. చుట్ట, బీడీ త్రాగువాని ఎముక ఆలస్యముగా అతుకునని పలు దేశముల లెక్కలు చూపినవి. చక్కెరవ్యాధి అదుపులో లేనివానికి చీము భయము ఎక్కువ. పుత్తూరు కట్టునకు పోవువారును గాయము తెరచియున్నదా మూసియున్నదా చూచుకొని పోవలెను.

లోహము అమర్చినవారికి ఒక కాగితము మాట. శస్త్రచికిత్స సమయమున వాడిన ప్రతి కడ్డీకి, మరకు, పెట్టెపై చిన్న చీటీ అతికియుండును. లోహము పేరు, కొలత, తయారైన తరగతి సంఖ్య, పూత యున్నచో దాని వివరము అందులో నుండును. ఆసుపత్రివారు దానిని కేసు కాగితములకు అంటింతురు. అడిగినచో నకలు ఇత్తురు. పదియేండ్లకు కడ్డీ తీయవలసినను, ఎమ్మారై తీయవలసినను, గాయము మరల రేగినను, క్రొత్త వైద్యుడు మొదట అడుగునది అదియే. ఆ నకలును ఆసుపత్రి సంచిలో వదలక, పట్టాదారు పాసుపుస్తకమున్న పెట్టెలో ఉంచవలెను.